ఎర్రగీత కింద

రేవులో అందరూ ఆయన్ని తూనికలాయన అంటారు. ముప్పై మూడేళ్ళు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఇత్తడి రాళ్ళున్న చెక్కపెట్టె ఒక చేత్తో, సీలు వేసే సరంజామా ఇంకో చేత్తో పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరగడం ఆయన ఉద్యోగం. తక్కెడ పళ్ళెం అడుగున మైనం ముద్ద అంటించినవాళ్ళని, కాటా బల్ల కింద అయస్కాంతం దాచినవాళ్ళని, బరువు రాయిని అడుగున తొలిచి బెండు కూరినవాళ్ళని ఎంతమందిని పట్టుకున్నాడో ఆయనకే లెక్క తెలీదు. ఎవరైనా “నమ్మండి సార్” అన్నారంటే ఆయన చెయ్యి తిన్నగా పళ్ళెం అడుగుకి పోయేది. ఆఖరికి ఇంట్లోకి పంచదార పొట్లం తెచ్చినా ఓసారి తూచి గానీ అలమరలో పెట్టేవాడు కాదు.

“నన్నూ ఓసారి తూచి తెచ్చుకోవాల్సింది” అని భార్య ఎత్తిపొడిచేది.

పడవ కూడా ఆయనకి తనిఖీలోనే దొరికింది. ముప్పై నాలుగేళ్ళ వయసులో, రేవు గోదాములో పెద్ద కాటా చూడ్డానికి వెళ్ళాడు. కాటా వెనక గోనెపట్టాలు కప్పి ఏదో పొడుగ్గా ఉంది. అక్కడేదైనా దాచారేమోనన్న అనుమానంతో పట్టా ఎత్తాడు. ఇరవై ఐదడుగుల చెక్క పడవ. తెరచాప కొయ్య విప్పి పక్కన పడుకోబెట్టి ఉంది. అప్పటికే దానికి ఇరవయ్యేళ్ళు. సొంతదారుకి మోజు తీరిపోయి వదిలేశాడట. ఆయన అంతవరకు పడవ ఎక్కి ఎరగడు. కాటా సంగతి మరిచిపోయి సాయంత్రం దాకా దాని చుట్టూ తిరిగి, పలకలు ఒకదాని పక్కన ఒకటి వంపు తిరిగిన తీరు చూస్తూ ఉండిపోయాడు. నెల తిరక్కుండా అది ఆయనదైంది. తెరచాప నడపడం నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. మొదటి ఏడాదే జెట్టీని మూడుసార్లు గుద్దాడు. “పడవ కొన్నారో, జెట్టీ కూల్చే కాంట్రాక్టు తీసుకున్నారో” అని రేవులో నవ్వుకున్నారు.

భార్య ఆ పడవని సవతి అనేది. “సవతికి రంగు వేశారా? సవతికి కవరు కప్పారా?” అని అడుగుతూనే ఆదివారాలు సంచీ సర్దుకుని ముందు తనే వచ్చి కూర్చునేది.

పడవ అడుగు చూసుకునేది బావమరిది. భార్యకి తమ్ముడు, ఆయనకంటే తొమ్మిదేళ్ళు చిన్న. రేవు చివర అతని షెడ్డు. చెక్క పడవల పని తెలిసినవాడు ఆ తీరంలో అతనొక్కడే మిగిలాడు. మిగిలినవాళ్ళంతా ఫైబర్ పడవలకి మళ్ళారు. తుఫానుల కాలంలో పడవని ఒడ్డుకి తీసి దిమ్మల మీద నిలబెడతారు. ఆ రెండు నెలల్లో పలకల సందుల్లో పాత నూలు పీకి కొత్త నూలు కూరాలి, తారు పట్టించాలి, పుచ్చిన చోట చెక్క మార్చాలి. కాలం మారాక మళ్ళీ నీళ్ళలోకి దించుతారు. ఎండిన పలకలు నీళ్ళు తాగి ఉబ్బి, సందులు వాటంతటవే మూసుకునేదాకా మూడు రోజులు పడవలోకి నీరు వస్తూనే ఉంటుంది. పంపు పెట్టుకుని కాపలా ఉండాలి. కొత్తవాళ్ళయితే ఆ మూడు రోజుల్లో గుండె ఆగి చస్తారు.

మొదటి ఏడాది బావమరిది పడవ కింద పడుకుని నూలు కూరుతుంటే తూనికలాయన వెనకే కూర్చుని ప్రతి సందులోనూ మేకు మొన గుచ్చి చూశాడు. రెండో రోజు మధ్యాహ్నం బావమరిది కింద నుంచి పాకుతూ బయటికొచ్చి చెక్కసుత్తి నేలకేసి కొట్టాడు.

“బావా, నేనేమన్నా తక్కెడ దుకాణం వాణ్ణా? నన్ను తనిఖీ చేస్తావేంటి?”

ఆ సాయంత్రమే ఆయన షెడ్డుకి వెళ్ళి, “ఒరేయ్, నీళ్ళ గీతకి పైదంతా నాది, కిందదంతా నీది. నీ పనిలో వేలు పెట్టను” అన్నాడు. పడవ చుట్టూ నీటిమట్టం దగ్గర ఒక ఎర్రగీత ఉంటుంది. ఆ గీతే హద్దయింది. తెరచాప, తాళ్ళు, కొయ్య, పై రంగు ఆయన చూసుకునేవాడు. గీత కింద పలకలు, పడవ పొడుగునా వెన్నెముకలా ఉండే అడుగు దూలం, లోపల నడవడానికి పరిచిన కాలి పలకల కింద ఉండే చీకటి అంతా బావమరిదిది. ముప్పై మూడేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా కాలి పలక ఎత్తి చూడలేదు. ఎవరైనా అడిగితే గొప్పగానే చెప్పుకునేవాడు. “పొద్దున్న లేస్తే అందరి అడుగూ చూసేది నా ఉద్యోగం. చూడక్కర్లేని చోటు ఒకటి ఉండాలి కదా మనిషికి.”

ఆరేళ్ళ కిందట, రిటైరైన ఏడాదే, ఆయనకి గుండెపోటు వచ్చింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పుడు పడవ దిమ్మల మీద ఉంది. ఆయన కోలుకుని నడిచి రేవుకి వచ్చేసరికి బావమరిది రంగుతో సహా పని పూర్తి చేసి పెట్టాడు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఒంటరిగా పడవ తియ్యకూడదని డాక్టరు చెప్పాడు గనక భార్య ప్రతిసారీ తోడు వచ్చేది. కానీ ఆ ఏడాది నుంచే ఆవిడకి, రేవులోకి అలలు రాకుండా కట్టిన రాతికట్ట దాటితే కళ్ళు తిరగడం మొదలైంది. అంతకుముందు ఇద్దరూ ఎనిమిది మైళ్ళ అవతల దీపస్తంభం ఉన్న దిబ్బ దాకా వెళ్ళి వచ్చేవాళ్ళు. ఇప్పుడు రాతికట్ట దగ్గరికి రాగానే ఆవిడ నుదురు పట్టుకునేది. “నావల్ల కాదండీ, లోపలే తిరుగుదాం.” ఆయన మారు మాట్లాడకుండా చుక్కాని తిప్పేవాడు. ఆవిడకోసం మాత్రలు కొని తెచ్చేవాడు. సముద్రం వంక ఓసారి చూసి, సరేలే, ఇన్నాళ్ళు నాకోసం వచ్చింది, ఇప్పుడు ఆవిడకోసం నేను ఆగుతాను అనుకునేవాడు. ఆ ఆగడంలో కొంచెం గర్వం కూడా ఉండేది.

ఈ ఏడాది రేవు ఆఫీసు కొత్త నిబంధన పెట్టింది. యాభయ్యేళ్ళు దాటిన ప్రతి పడవనీ సర్వేయరు చూసి సంతకం పెడితేనే నీళ్ళలోకి దించాలి.

బావమరిదికి అది నచ్చలేదు. “ఎందుకొచ్చిన గొడవ బావా. ఈ ఏడాదికి పడవని దిమ్మల మీదే ఉండనీ. వచ్చే ఏటికి ఆ రూలు వాళ్ళే ఎత్తేస్తారు.”

“తనిఖీకి భయపడేది దొంగ తక్కెళ్ళ వాళ్ళురా. మనకేం?”

“వచ్చే ఆవిడకి చెక్క గురించి ఏం తెలుసు? ఇనప ఓడలు చూసే మనిషట.”

“తెలుసుకుంటుంది. నీ పని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది” అన్నాడు తూనికలాయన. తను ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు ఏ ఒక్కరూ తనకి కుర్చీ వేసి ఆదరంగా మాట్లాడలేదన్న బాధ ఆయనకి ఉంది. అందుకని సర్వేయరు వచ్చే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫ్లాస్కులో టీ పోయించుకుని, మడత కుర్చీ ఒకటి వెంట తీసుకెళ్ళాడు. బావమరిది వస్తానన్నవాడు రాలేదు. షెడ్డుకి తాళం వేసి ఉంది.

సర్వేయరు ముప్పై ఐదేళ్ళ మనిషి. కుర్చీలో కూర్చోలేదు. టీ మాత్రం తాగింది. గుప్పెట్లో పట్టేంత చిన్న సుత్తి తీసి పడవ ముందు భాగం నుంచి ఒక్కో పలక మీద కొట్టుకుంటూ వచ్చింది. గట్టి చెక్క టక్ టక్ మంటోంది. తూనికలాయన చేతులు కట్టుకుని ఆ చప్పుడు వింటూ తల ఊపుతున్నాడు. నడుము దగ్గరికి, తెరచాప కొయ్య నిలబడే చోటుకి వచ్చేసరికి చప్పుడు మారింది. ఆమె మళ్ళీ కొట్టింది. ఇంకొంచెం పక్కన కొట్టింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

“ఇక్కడ పని ఎవరు చేశారు సార్?”

“మా బావమరిదమ్మా. ఈ తీరంలో అతన్ని మించినవాడు లేడు.”

ఆమె సుత్తి ఆయనకి అందించింది. “ఒకసారి మీరు కొట్టి చూడండి.”

“గీత కిందది నేను ముట్టుకోనమ్మా. అది మావాడి పని.”

“పడవ ఎవరిది సార్?”

ఆయన వంగి కొట్టాడు. ఆ చప్పుడు ఆయనకి తెలుసు. తొలిచి బెండు కూరిన బరువు రాయిని బల్ల మీద పెడితే అలాగే పలుకుతుంది. ఇంకోసారి కొట్టలేదు.

పడవ ఎక్కి ఆమె కాలి పలకలు నాలుగు ఎత్తింది. టార్చి వేసింది. కింద గోధుమ రంగు దూలం, పొడుగాటి చారలతో, చూడ్డానికి నిండుగా ఉంది. ఆమె చాకు మొనతో గీకింది. రంగు పెళ్ళ ఊడింది. లోపల బూడిద రంగు. ఇంకొంచెం గీకింది.

“సిమెంటు” అంది. “పుచ్చు తీసి, గోతిలో సిమెంటు పోసి, పైన రంగు వేశారు. పాత పడవల్లో చేస్తుంటారు. కానీ ఇంత శ్రద్ధగా చెయ్యడం నేనెప్పుడూ చూళ్ళేదు.”

ఆయన ముందుకి వంగి చూశాడు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే దాని మీద దువ్వెనతో గీసినట్టు చారలు గీసి ఉన్నాయి. అటుపక్క నిజమైన దూలంలో చార ఎక్కడ ఆగిందో ఇటుపక్క అక్కడే మొదలైంది. ఒకచోట కణుపు కూడా ఉంది. కణుపు చుట్టూ చారలు పక్కకి తప్పుకుని పోయాయి, చెక్కలో పోయినట్టే.

“ఈ పడవతో బయటికి వెళ్ళారా సార్ ఈమధ్య?”

“లేదమ్మా. మా ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. రాతికట్ట లోపలే.”

“మంచిదైంది. బయట గట్టి అల ఒకటి తగిలి ఉంటే కొయ్య మొదలు అడుగులోంచి దిగిపోయేది.” ఆమె కాగితం రాసింది. ఆరు వారాల గడువు. దూలంలో ఆ భాగం, అటు మూడు ఇటు రెండు పలకలు మార్చి చూపిస్తే సంతకం పెడుతుంది. లేకపోతే పడవ నీళ్ళలోకి దిగదు. రేవులో చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆమె వెళ్ళాక ఆయన మడత కుర్చీలో కూర్చున్నాడు. బావమరిది తన పడవ ఎక్కి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయాడు. ఇదివరకు ఆదివారం వస్తే అక్కకంటే ముందు అతనే ఎక్కేవాడు. ఆరేళ్ళుగా మోకాలి నొప్పి అంటున్నాడు.

లేచి వెళ్ళేసరికి షెడ్డు తాళం తీసి ఉంది. బావమరిది లోపల చిత్రిక పడుతున్నాడు. తూనికలాయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఎన్నాళ్ళైందిరా?”

చిత్రిక ఆగింది. “ఏంటి బావా?”

“నీలాంటి మొహాలు ముప్పై మూడేళ్ళు చూశాను. నా దగ్గర వద్దు. ఎన్నాళ్ళు?”

“ఆరేళ్ళు.”

“అప్పుడు ఎంత ఉంది?”

బావమరిది చెయ్యి చాపి చూపించాడు. “అరచెయ్యంత.”

“అప్పుడే చెబితే నెల్లో అయిపోయే పని కదరా.”

“నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు బావా.”

“ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాను. ఆరేళ్ళు లేను.”

బావమరిది బల్ల మీది చెక్కపొట్టుని చేత్తో ఒక పక్కకి నెట్టాడు, మళ్ళీ ఇటుపక్కకి నెట్టాడు. “చెబుదామనే అనుకున్నా. వచ్చే ఏడు చెబుదాం, వచ్చే ఏడు చెబుదాం అనుకుంటూనే... ఏటా ఇంకాస్త తినేసేది. ఏటా ఇంకాస్త పోసేవాణ్ణి. పెరిగేకొద్దీ చెప్పడానికి నోరు రాలేదు.”

“చారలు ఎందుకు గీశావు?”

“ఎక్కడ?”

“సిమెంటు మీద. దువ్వెనతో కదూ?”

“పాత దువ్వెన” అన్నాడు బావమరిది మెల్లిగా. “రెండేసి పళ్ళు విరిచి.”

“నేను కాలి పలక ఎత్తనని నీకు తెలుసు. మరి ఎవరు చూస్తారని గీశావురా?”

తూనికలాయన లోపలికి వచ్చాడు.

“మోకాలు ఎలా ఉంది?”

“బావా...”

“మొన్న పైలట్ లాంచీ నిచ్చెన ఎక్కుతుంటే చూశాను. టకటకా ఎక్కావు. నీకు నా పడవ ఎక్కడానికి భయమేసింది. బాగుంది. కానీ మీ అక్క ఎక్కిందిరా! ప్రతి ఆదివారం ఎక్కింది. నేనంటే బయటివాణ్ణి అనుకో. సొంత అక్కని కూర్చోబెట్టి పంపించడానికి నీకు చేతులెలా వచ్చాయి?”

బావమరిది తల ఎత్తాడు.

“అక్కకి తెలుసు బావా.”

ఇంటికొచ్చేసరికి ఆవిడ దుప్పట్లు మడతపెడుతోంది. తమ్ముడు ఫోన్ చేసి చెప్పినట్టున్నాడు, ఆయన్ని చూసి ఆశ్చర్యపోలేదు. దుప్పటి రెండో కొస పట్టుకోమని చాపింది. అలవాటు కొద్దీ ఆయన పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని సగానికి మడిచారు.

“కళ్ళు తిరగడం?” అన్నాడు.

“ఎప్పుడూ తిరగలేదు.”

“మాత్రలు వేసుకునేదానివి కదా.”

“చెత్తబుట్టలో వేసేదాన్ని.” ఆవిడ దుప్పటి ఆయన చేతిలోంచి తీసుకుని దొంతర మీద పెట్టింది. “వాణ్ణేమీ అనకండి. వాడు మొదటి రోజే చెబుదామన్నాడు. నేనే వద్దన్నాను.”

“ఎందుకు?”

“ఆస్పత్రిలో కళ్ళు తెరిచి మీరు మొట్టమొదట ఏమడిగారో గుర్తుందా? ‘పడవ మీద కవరు కప్పారా’ అన్నారు. నాలుగు రోజులు కుర్చీలో కూర్చుని ఉన్నాను నేను. నన్ను చూసి అడిగిన మొదటి మాట అది. ఆ మనిషికి పడవ పుచ్చిపోయిందని ఏ నోటితో చెప్పమంటారు?”

“తర్వాత లేచి తిరిగాను కదా.”

“తిరిగారు. పడవ ఉందని తిరిగారు.”

“అది మునిగి ఉంటే?”

“ఇద్దరం పోయేవాళ్ళం. నేను ఎక్కింది అందుకే. నేను పక్కనుంటే మీరు కట్ట దాటరని ఎక్కాను. దాటినా ఒక్కరే పోరని ఎక్కాను.” అది చాలాకాలంగా సిద్ధంగా పెట్టుకున్న మాటలా ఉంది.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. కోపం రావడానికి కూడా ఎక్కడా సందు దొరకలేదు.

“చిన్నపిల్లలకి తొట్టిలో నీళ్ళు పోసి కాగితప్పడవ ఇచ్చినట్టు ఇచ్చారు మీ ఇద్దరూ నాకు. నీ కోసం నేను సముద్రం మానుకున్నాననుకున్నాను. ఆరేళ్ళు అదొక్కటే అనుకున్నాను.”

“నాకోసమే కదా మానుకున్నారు” అంది ఆవిడ. “అది అబద్ధం ఎలా అవుతుంది?”

ఆయన లేచి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి భోజనం దగ్గర “బాగుంది” అనేవాడు, మంచినీళ్ళిస్తే పుచ్చుకునేవాడు. ఆవిడ ఏదైనా చెబితే మాత్రం ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి అప్పుడు సరే అనేవాడు. బయట వాన పడుతోందని చెప్పినా సరే, కిటికీలోంచి చూసి వచ్చేవాడు. ఆవిడ అది గమనించింది. రెండో వారం నుంచి వాన సంగతి చెప్పడం మానేసింది.

పక్క రేవు నుంచి ఒక మేస్త్రీని పిలిపించాడు. ఆ మేస్త్రీ పడవ కిందికి దూరి బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు. “నేను ఫైబర్ వాణ్ణి సార్. ఇంత దూలం మార్చి, పాత వంపుకి కొత్త చెక్క కలపాలంటే ఒక్కడే ఉన్నాడు. మీ ఇంట్లోనే పెట్టుకుని నన్ను అడుగుతారేంటి?”

గడువులో పది రోజులు పోయాయి. పదకొండో రోజు తూనికలాయన షెడ్డుకి వెళ్ళాడు. ఆయన్ని చూసి బావమరిది మొహం వెలిగింది. అప్పటికే దూలానికి చెక్క ఎంచి పెట్టుకున్నాడు. గోడకి ఆనించి ఉన్న ఆ దుంగని చూపించబోయాడు.

“ముందు నా మాట విను” అన్నాడు తూనికలాయన. “కాలి పలకలన్నీ ఊడదీసి బయట పెట్టాలి. రోజూ సాయంత్రం ఐదింటికి వస్తాను. నేను చూసేదాకా దేని మీదా రంగు పడకూడదు, తారు పడకూడదు.”

బావమరిది దుంగ మీంచి చెయ్యి తీశాడు. “తక్కెడ దుకాణంలాగానా?”

“అవును.”

“సరే.”

పని నాలుగు వారాలు జరిగింది. అంత మంచి పని అతను జన్మలో చేసి ఉండడు. సిమెంటంతా ఉలితో పగలగొట్టి తీశాడు. బస్తాలకెత్తి తను మోసుకెళ్ళి పారేశాడు. పాత దూలాన్ని ఏటవాలుగా కోసి, కొత్త చెక్కని దాని మీద పడుకోబెట్టి, గోరు దూరనంతగా కలిసేలా కూర్చాడు. రోజూ ఐదింటికి తూనికలాయన సుత్తి, మేకు తీసుకుని వచ్చేవాడు. పడవ కింద వెల్లకిలా పడుకుని మొదటినుంచి చివరిదాకా కొట్టేవాడు. చూసిన చోట సుద్దతో గుర్తు పెట్టేవాడు. అంతసేపూ బావమరిది చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడేవాడు. కొట్ల దగ్గర యజమానులు అలాగే నిలబడేవాళ్ళు. అలా నిలబడటం అతనికి ఎవరు నేర్పారో తెలీదు.

ఒకరోజు మూడో పలక అంచున చిన్న కణుపు కనిపించింది. చిటికెన వేలి గోరంత, గట్టి కణుపు. దానివల్ల ఏమీ కాదని ఇద్దరికీ తెలుసు.

“ఇది మార్చు” అన్నాడు తూనికలాయన.

బావమరిది ఆయన వంక చూశాడు. రోజంతా ఆవిరిలో మెత్తబరిచి వంచిన పలక అది. మేకులు పీకి, పలక తీసి పక్కన పెట్టాడు. తూనికలాయన ఇంటికి వెళ్ళే దారిలో రెండుసార్లు ఆగాడు. తిరిగి వెళ్ళి ఉండనీలే అందామనుకున్నాడు. వెళ్ళలేదు.

సర్వేయరు వచ్చి సుత్తితో అంతా కొట్టి చూసి సంతకం పెట్టింది. “ఇంకో యాభయ్యేళ్ళకి దిగులు లేదు సార్” అంది. పడవ నీళ్ళలోకి దిగింది. పలకలు ఉబ్బే మూడు రోజులూ ఎప్పుడూ బావమరిది కాపలా ఉండేవాడు. ఈసారి తూనికలాయనే పంపు పక్కన కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి నీరు రావడం ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్న గాలి బాగుంది. ఆవిడ సంచీ, గొడుగు పట్టుకుని జెట్టీ మీదకి వచ్చింది. బావమరిది కూడా వచ్చి కొంచెం ఎడంగా నిలబడ్డాడు. ఆవిడ పడవలో కాలు పెట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“నువ్వు ఉండిపో.”

“ఒక్కరే వెళ్ళొద్దని డాక్టరు చెప్పాడుగా.”

“డాక్టరు అలా అన్నాడన్నది కూడా నాకు నువ్వు చెప్పిందే.”

ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. “అన్నాడండీ. అది నిజంగానే అన్నాడు.”

ఆయన తాడు విప్పుకుని, తెరచాప ఎత్తి వెళ్ళిపోయాడు.

రాతికట్ట దాటగానే మొదటి అల పడవని ఎత్తింది. ఆరేళ్ళ తర్వాత ఆ ఎత్తు. కడుపులో తేలినట్టయింది. పడవ వంగి, నిలదొక్కుకుని, ముక్కు తిప్పకుండా అలని చీల్చుకుంటూ వెళ్ళింది. కొయ్య మొదట్లో ఏ చప్పుడూ లేదు. దిబ్బ మీది దీపస్తంభం సన్నగా తెల్లగా కనిపిస్తోంది. ఈ గాలికి రెండు గంటల్లో అక్కడుంటాడు.

ఆయన చుక్కానిని తాడుతో కట్టి, కాలి పలక ఎత్తి చూశాడు. అడుగు పొడిగా ఉంది. పలక పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి ఎక్కడో కిర్రుమంది. తెరచాప తాడు కప్పీ దగ్గర చేసే చప్పుడని తెలుసు, ముప్పై మూడేళ్ళుగా వింటున్న చప్పుడు. మళ్ళీ లేచి పలక ఎత్తాడు. పొడిగా ఉంది. చెయ్యి పెట్టి తడిమాడు, గోటితో గీకాడు. చెక్క వాసన వచ్చింది. ఈలోగా పడవ గాలికి అడ్డం తిరిగి తెరచాప దడదడా కొట్టుకుంది. సరిచేసుకుని మళ్ళీ దారిలో పెట్టేసరికి చెమట పట్టింది. తను కొట్టి చూశాడు. సర్వేయరు కొట్టి చూసింది. ఒక్కో మేకు తన కళ్ళముందే దిగింది. అయినా సగం దూరం వెళ్ళేసరికి ఏడుసార్లు లేచాడు. సముద్రం వంక చూసింది తక్కువ, కాళ్ళ కింద చూసింది ఎక్కువ. ఎనిమిదోసారి లేవబోయి, లేవకుండా, చుక్కాని తిప్పి వెనక్కి బయల్దేరాడు.

జెట్టీ మీద ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆవిడ గొడుగు వేసుకుని సంచీ మీద కూర్చుంది. ఇంత త్వరగా ఎందుకొచ్చారని అడగలేదు. పడవ దగ్గరికి రాగానే బావమరిది ముందుకొచ్చి తాడుకోసం చెయ్యి చాపాడు. ఒంటరిగా ఒడ్డుకొచ్చినవాడు తాడు ఎవరికో ఒకరికి వెయ్యక తప్పదు. ఆయన విసిరాడు. బావమరిది అందుకుని, గుంజకి రెండు చుట్లు తిప్పి, ముడి వేసి, చేతులు తుడుచుకున్నాడు.

తూనికలాయన తెరచాప దించి, నింపాదిగా మడిచి కట్టి, జెట్టీ మీదకి దిగాడు. గుంజ దగ్గర వంగాడు. బావమరిది ఒక అడుగు వెనక్కి జరిగి చోటిచ్చాడు. ఆయన ఆ ముడి విప్పి, అదే తాడుతో, అదే ముడి మళ్ళీ వేశాడు.